పామ్ లీవర్ వదిలాక శ్రుతి తప్పుతోందా? ముందు నట్ చూడండి

పెడళ్లు తొక్కి తీగల శ్రుతి మార్చే పెడల్ స్టీల్ గిటార్‌లో వినపడే ఆ జారుడు మీద మోజుతో మామూలు గిటార్‌కి పామ్ లీవర్లు (అరచేత్తో నొక్కితే తీగని లాగి శ్రుతి పెంచే మీటలు) బిగించుకుని, నెల తిరక్కుండానే విప్పి పక్కన పెట్టేసినవాళ్లు చాలామంది ఉంటారు. "శ్రుతి నిలవట్లేదండీ" అనేదే అందరి బాధ. నాదీ అదే బాధ. ఒక షాపులో చూపిస్తే లీవర్ స్ప్రింగ్ పోయిందని కొత్తది వేశారు, డబ్బులు అయ్యాయి గానీ రవ్వంత తేడా రాలేదు. కారణం లీవర్‌లో లేదు, దానికి రెండడుగుల దూరంలో, గిటార్ మెడ చివర తీగలు ఆనే గాడుల పట్టీలో, అంటే నట్‌లో ఉంది.

ఎందుకో అర్థం కావాలంటే లీవర్ చేసే పని చూడాలి. వీణ మీద తీగను మెట్టు మీదే పక్కకి లాగి గమకం పలికిస్తాం కదా, ఇక్కడ తీగ తోక చివరని లీవర్ వెనక్కి లాగుతుంది. 10-46 సెట్‌లో (సన్న తీగ 0.010, లావు తీగ 0.046 అంగుళం) బి తీగ మందం 0.013 అంగుళం. అది బి నుంచి సి షార్ప్‌కి ఎక్కాలంటే టెన్షన్ దాదాపు 26 శాతం పెరగాలి, కానీ తీగ సాగాల్సింది లెక్క ప్రకారం సుమారు 0.8 మిల్లీమీటరే. 0.017 జి తీగ ఎ దాకా వెళ్లడానికి అర మిల్లీమీటరు చాలు. ఇంత చిన్న కదలికలో తీగ ఎక్కడ కాస్త పట్టేసినా చెవికి తెలిసిపోతుంది.

లీవర్ వదిలాక శ్రుతి దిగిపోతోంది

ఇది నట్ పని. లాగినప్పుడు తీగ నట్ గాడిలోంచి బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) వైపు జరిగింది, వదిలాక వెనక్కి పోలేక ఇరుక్కుంది, అందుకే మోగే భాగం వదులయింది. నమ్మకం కుదరకపోతే లీవర్ ఒకసారి నొక్కి వదిలి, నట్‌కి అవతల, ట్యూనింగ్ కీ వైపున్న తీగ ముక్కని వేలితో నొక్కి వదలండి. శ్రుతి మళ్లీ సరిగ్గా వచ్చిందంటే దొంగ దొరికినట్టే. ట్యూన్ చేసేటప్పుడు టింక్ అని చిన్న చప్పుడుతో శ్రుతి ఒక్కసారిగా గెంతినా కారణం ఇదే.

తీగని వదులు చేసి గాడిలోంచి పక్కకి తప్పించి, మెత్తటి పెన్సిల్‌తో గాడి లోపల నల్లబడేదాకా రుద్దండి. చాలా గిటార్లకి దీంతోనే తగ్గుతుంది. తగ్గకపోతే గాడి ఇరుగ్గా ఉందన్నమాట. దానికంటే సన్నటి పాత తీగ ముక్కకి 1000 నంబర్ వాటర్ పేపర్ చుట్టి, గాడి పక్క గోడల మీద నాలుగైదు సార్లు మాత్రమే లాగండి, అడుగు మాత్రం తాకొద్దు, అడుగు లోతయితే ఓపెన్ తీగ ఫ్రెట్‌కి తగిలి జీరగా మోగుతుంది, అప్పుడు నట్టే మార్చాలి. కీలు మూడు మూడుగా రెండు వైపులా ఉండే గిటార్లలో జి తీగ నట్ దాటాక పక్కకి వంగి వెళ్తుంది కాబట్టి అక్కడ ఇంకా ఎక్కువగా పట్టేస్తుంది. టెలీక్యాస్టర్ లాంటి వాటిలో బి తీగని కిందికి తొక్కిపెట్టే చిన్న క్లిప్ కింద కూడా కాస్త పెన్సిల్ రాయండి.

కొత్త తీగలు వేసిన రోజే ఈ పరీక్షలు చేయకండి, సాగడం ఆగనివ్వండి.

వదిలాక శ్రుతి ఎక్కి ఉండిపోతోంది

ఇప్పుడు బ్రిడ్జ్ వైపు రండి. లీవర్‌ని వేలితో వెనక్కి నెట్టి చూడండి, శ్రుతి దిగితే లీవర్ పూర్తిగా వెనక్కి రావట్లేదు, ఇరుసు దగ్గర చెమట, దుమ్ము పేరుకుని ఉంటుంది. తుడిచి కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేయండి. అప్పటికీ బద్ధకంగా ఉంటే స్ప్రింగ్ మార్చాలి. లీవర్ బాగానే ఉంటే, శాడిల్‌కి (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) కాస్త ముందు తీగని కిందికి నొక్కి వదలండి, శ్రుతి దిగిందా, శాడిల్ అంచు గరుకుగా ఉంది. సన్నటి వాటర్ పేపర్‌తో నునుపు చేయండి. తీగలు ఎప్పుడూ అక్కడే తెగుతుంటే కారణమూ మందూ రెండూ ఇవే.

పూర్తిగా నొక్కినా సి షార్ప్ అందట్లేదు

లీవర్ ఎంతదాకా కదలాలో ఆపే స్టాప్ స్క్రూ సర్దండి. అయినా అందకపోతే కీ దగ్గర తీగ ఎన్ని చుట్లు ఉందో చూడండి, ఆరేడు వదులు చుట్లు ఉంటే మనం లాగిన ఆ కాస్తా చుట్లు బిగుసుకోవడానికే పోతుంది. రెండు మూడు చాలు. జి తీగ పైన సన్నటి తీగ చుట్టి ఉన్న రకం (వౌండ్) అయితే ఇంకా ఎక్కువ లాగాలి, సాదా తీగ వేసుకోండి.

ఒకటి లాగితే మిగతావన్నీ దిగుతున్నాయి

మీది స్ప్రింగుల మీద ఊగే ట్రెమొలో బ్రిడ్జ్. ఒక తీగ టెన్షన్ పెరగ్గానే బ్రిడ్జ్ మొత్తం ముందుకి వంగుతుంది. వెనక మూత తీసి, బ్రిడ్జ్ కింద వేలాడే ట్రెమొలో బ్లాక్‌కి తోక వైపు గోడకి మధ్య బిగుతుగా ఒక చెక్క ముక్క పెట్టండి. 

ట్యూనర్ సరే అంటోంది, చెవికి మాత్రం గుచ్చుకుంటోంది

లాగిన స్వరం మేజర్ కార్డ్‌లో మూడోది అయినప్పుడు ఇలా ఉంటుంది. సహజమైన అంతర గాంధారం ట్యూనర్ చూపించేదానికంటే 14 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) కిందుంటుంది. మరీ అంత అక్కర్లేదు, స్టాప్‌ని 6 నుంచి 8 సెంట్లు దింపి వినండి, తియ్యగా కూర్చుంటుంది.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, పెడల్ స్టీల్‌లా లేదు

చాలామంది ఒక్క తీగనే మీటి లాగుతారు, అప్పుడది మామూలు బెండ్‌లాగే ఉంటుంది. పెడల్ స్టీల్ ఇ9 శ్రుతిలో ఎ, బి పెడళ్లు తొక్కితే బి స్వరం సి షార్ప్‌కి, జి షార్ప్ ఎ కి ఎక్కుతాయి, పక్కనున్న ఇ మాత్రం కదలదు. ఆ కదలని స్వరమే ఈ శబ్దానికి ప్రాణం. 1960ల చివర్లో గిటారిస్టు క్లారెన్స్ వైట్, డ్రమ్మర్ జీన్ పార్సన్స్ కలిసి గిటార్ బెల్టు లాగితే బి తీగ ఎక్కేలా టెలీక్యాస్టర్‌ని మార్చింది కూడా మిగతా తీగలు నిలబడి మోగుతుండగా ఒకటే జారాలని.

డి, జి తీగలు రెండో ఫ్రెట్‌లో నొక్కి, బి తీగ ఖాళీగా వదిలి, మూడూ వేళ్లతో ఒకేసారి మీటండి. ఇప్పుడు బి లీవర్ నొక్కితే ఎ మేజర్ విచ్చుకుంటుంది. బి, జి లీవర్లు రెండూ ఉంటే జి, బి, ఇ ఖాళీ తీగలు మీటి రెండూ నొక్కండి, ఇ మైనర్ కాస్తా ఎ మేజర్ అవుతుంది. టక్కున నొక్కకండి, రెండు బీట్ల మీద నిదానంగా ఎక్కించండి, దించేటప్పుడూ అంతే నిదానంగా, తీగలు ఇంకా మోగుతుండగానే.