అండమాన్ యాత్ర: ముందు చరిత్ర, తర్వాత సముద్రం

నాలుగు రాత్రుల ప్యాకేజీతో అండమాన్ తృప్తిగా చూడటం కుదరదు. వచ్చిన రోజు సగం, వెళ్లే రోజు సగం విమానానికే పోతాయి. దీవి నుంచి దీవికి ఓడ మారిన ప్రతిసారీ మరో పూట పోతుంది. పైగా అక్కడ పొద్దు మన ఊళ్లకంటే ముందే వాలుతుంది. గడియారం మనదే అయినా దీవులు బాగా తూర్పున ఉండటంతో డిసెంబరులో సాయంత్రం అయిదు గంటలకల్లా సూర్యుడు దిగిపోతాడు. తొమ్మిదింటికి టిఫిన్ చేసి తీరిగ్గా బయల్దేరే అలవాటుంటే రోజులో సగం చేజారినట్టే. కనీసం ఆరు రాత్రులు పెట్టుకోండి, ఏడైతే ఇంకా మంచిది. ఉదయం అయిదున్నరకు లేచి, రాత్రి తొమ్మిదికి పడుకునేలా రోజును మార్చుకోండి.

వెళ్లడానికి మంచి కాలం డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు. నీటి అడుగున పగడాలు చూడటమే ముఖ్యమనుకుంటే ఫిబ్రవరి, మార్చి నెలలు ఎంచుకోండి. అప్పుడు సముద్రం నెమ్మదిగా, నీళ్లు తేటగా ఉంటాయి. మే మూడో వారం నుంచి నైరుతి రుతుపవనాలు మొదలవుతాయి. అవి వెనుదిరిగాక కూడా అక్టోబరు, నవంబరుల్లో వానలూ వాయుగుండాలూ తప్పవు. ఆ నెలల్లో హోటళ్లు చవగ్గా దొరుకుతాయి కానీ ఓడలు ఆగిపోతే ఉన్న దీవిలోనే చిక్కుకుపోతారు.

పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. జనం నోట మాత్రం ఇంకా పాత పేరే నడుస్తోంది. అలాగే 2018లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, రాస్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది. టికెట్ల మీద ఏ పేరైనా ఉండొచ్చు కాబట్టి రెండూ గుర్తుపెట్టుకోండి. చెన్నై నుంచి విమానంలో రెండు గంటలకు కాస్త పైన పడుతుంది. విశాఖపట్నం నుంచి ఓడ కూడా ఉంది. దూరం దాదాపు 1,200 కిలోమీటర్లు, సముద్రం మీద రెండు రోజులకు పైనే పడుతుంది. అయితే ఆ ఓడ అరుదుగా నడుస్తుంది, తేదీలు కూడా మారుతుంటాయి. సెలవులు లెక్కపెట్టుకుని వెళ్లేవాళ్లు దాన్ని నమ్ముకోకపోవడమే మేలు. భారత పౌరులకు మామూలు పర్యాటక దీవులకు ప్రత్యేక అనుమతి అక్కర్లేదు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చాలు. ఇంట్లో ఎవరికైనా విదేశీ పాస్‌పోర్టు ఉంటే, విమానం టికెట్టు కొనకముందే వాళ్లకు వర్తించే నియమాలు చూసుకోండి. నికోబార్ దీవులు మామూలు పర్యాటకులకు తెరిచి లేవు.

భాష గురించి బెంగ అక్కర్లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో పదిమందిలో ఒకరికి పైగా తెలుగు మాతృభాష. పోర్ట్ బ్లెయిర్‌లోని అబర్డీన్ బజారులో తెలుగులో బేరమాడుకోవచ్చు.

మొదటి రెండు రోజులు పోర్ట్ బ్లెయిర్‌కే ఇవ్వండి. బ్రిటిష్ కాలపు సెల్యులార్ జైలును తిరుగు ప్రయాణం నాడు గంటలో ముగించేసేవాళ్లు చాలామంది. అలా చూస్తే అక్కడ కనిపించేది ఒక పాత భవనం మాత్రమే. ఖైదీల్ని ఇక్కడికి పంపిన చరిత్రను అది జరిగిన వరుసలో చూడాలి, అప్పుడే ఒకదానికొకటి ముడిపడుతుంది.

1858 మార్చి 10న మొదటి 200 మంది ఖైదీలతో ఓడ వచ్చింది. వాళ్లలో ఎక్కువమంది అంతకు ముందు ఏడాది తిరుగుబాటులో పట్టుబడ్డవాళ్లు. అప్పటికి సెల్యులార్ జైలు లేనే లేదు. మొదట చాథం దీవిలో, తర్వాత రాస్ దీవిలో అడవి నరకడమే వాళ్ల శిక్ష. 1857 జులై 17న హైదరాబాద్‌లోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడికి తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి నాయకత్వం వహించిన మౌల్వీ అలావుద్దీన్‌ను పంపింది ఈ దీవులకే. ఆయన ఇక్కడే కన్నుమూశాడు. కాబట్టి ముందు చాథం చూడండి. ఊరికి వంతెనతో కలిసి ఉంది కనుక కారులోనో ఆటోలోనో వెళ్లొచ్చు. 1883లో మొదలైన కోతమిల్లు అక్కడ ఉంది. పడౌక్ అనే చెట్టు దుంగ ఎర్రటి పలకగా ఎలా మారుతుందో దగ్గరగా చూడొచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో పడిన బాంబు చేసిన గుంత కూడా ఆవరణలోనే ఉంది. మధ్యాహ్నం దాటితే మూసేస్తారు, ఆదివారం సెలవు.

మరునాడు ఉదయమే రాస్ దీవికి పడవ ఎక్కండి. అబర్డీన్ జెట్టీ నుంచి పది పదిహేను నిమిషాల ప్రయాణం. బుధవారం మూసి ఉంటుంది కనుక రోజులు వేసుకునేటప్పుడే చూసుకోండి. 1940ల ఆరంభం దాకా తెల్లదొరల పాలన అంతా ఈ చిన్న దీవి నుంచే నడిచింది. చర్చి, రొట్టెల బట్టీ, దొరల క్లబ్బు, అన్నీ ఉండేవి. ఇప్పుడు ఆ గోడల్ని మర్రి ఊడలు చుట్టేశాయి. కొన్నిచోట్ల ఇటుకలు జారిపోయినా గోడ ఆకారంలో వేళ్లు మాత్రం నిలబడి ఉన్నాయి. పడవవాళ్లు సాధారణంగా గంటన్నర సమయమే ఇస్తారు, అది చాలదు. ఎక్కేముందే రెండున్నర గంటలకు మాట్లాడుకోండి. దీవి అవతలి ఒడ్డున లైట్‌హౌస్ వైపు మెట్లు దిగి వెళ్లేవాళ్లు తక్కువ, నిశ్శబ్దం అంతా అక్కడే ఉంటుంది. పెద్దవాళ్లకు బ్యాటరీ బండ్లు ఉంటాయి. జింకలు దగ్గరికొస్తాయి, బిస్కెట్లు పెట్టకండి.

అదే మధ్యాహ్నం సెల్యులార్ జైలు. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేశారు. నడుమ ఒక బురుజు, దాని నుంచి చక్రం ఆకుల్లా ఏడు భవనాలు, ఒక్కొక్కటి మూడంతస్తులు. మొత్తం దాదాపు ఏడు వందల గదులు, ఒక్కో గదిలో ఒక్క మనిషి. ఒక భవనం గదుల ముఖం పక్క భవనం వీపు వైపు ఉంటుంది. అందుకే ఒక ఖైదీకి మరొకరి ముఖం కనిపించే వీలే లేదు. ఇప్పుడు మిగిలినవి మూడే భవనాలు. 1941 భూకంపం కొంత, యుద్ధకాలం కొంత పడగొట్టాయి. ఖాళీ అయిన స్థలంలో ఆసుపత్రి వచ్చింది.

అక్కడ మూడు చోట్ల నిదానంగా ఆగండి. మొదటిది గడియ. తలుపు నుంచి పొడవాటి ఇనుప కమ్మీ గోడలోకి వెళ్లి, చేయి చాచినా అందనంత దూరంలో తాళం పడుతుంది. గదిలోకి వెళ్లి చువ్వల్లోంచి చేయి పెట్టి చూస్తే సంగతి బోధపడుతుంది. రెండోది గది వెనక గోడకు పది అడుగుల ఎత్తున ఉన్న చిన్న కిటికీ. చుట్టూ సముద్రమే ఉన్నా లోపలి మనిషికి ఒక చుక్క నీరు కనిపించదు. మూడోది గానుగ షెడ్డు. ఎద్దుకు బదులు మనిషిని కట్టి రోజుకు 30 పౌన్లు, అంటే పదమూడు కిలోలకు పైగా కొబ్బరినూనె తీయించేవారు. తగ్గితే దెబ్బలు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర శిక్ష అనుభవించింది అండమాన్‌లోనే. బతికి తిరిగొచ్చి 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. మన్యం అడవుల్లో స్వేచ్ఛగా తిరిగిన మనిషిని ఇలాంటి చోటికి పంపడమంటే ఏమిటో ఆ గదిలో రెండు నిమిషాలు తలుపు వేసుకుని నిలబడితే కొంతైనా అర్థమవుతుంది. 1933 నిరాహార దీక్షలో బలవంతంగా పాలు పోయడంతో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమోదాస్, మోహిత్ మైత్రా చనిపోయారు. ఆ పేర్లు అక్కడ వెతికి చదవండి.

చివరగా పైకప్పు ఎక్కండి. పొద్దున తిరిగిన రాస్ దీవి అక్కణ్నుంచి ఎదురుగా కనిపిస్తుంది. దొరల విందులు ఒక ఒడ్డున, ఈ గదులు మరో ఒడ్డున, మధ్యలో చిన్న నీటిపాయ. ఈ వరుసలో చూడమనేది ఇందుకే. సాయంత్రం ధ్వని-కాంతి ప్రదర్శన ఏ భాషలో ఎన్నింటికో ముందుగా కనుక్కుని టికెట్టు తీసుకోండి, సెలవుల్లో త్వరగా అయిపోతాయి.

ఇక సముద్రం. హేవ్‌లాక్‌కు ప్రైవేటు ఓడల్లో దాదాపు గంటన్నర, ప్రభుత్వ ఓడలో రెండున్నర గంటలు. ప్రభుత్వ ఓడ చవక, డెక్ మీద నిలబడి గాలి పీల్చుకోవచ్చు, కానీ టికెట్లు దొరకడం కష్టం. ప్రైవేటు ఓడల్లో ఏసీ గది, అద్దాల కిటికీలు, వాంతులు ఎక్కువ. అల ఊపు ముందు భాగంలో బలంగా ఉంటుంది కనుక కింది అంతస్తులో, మధ్య నుంచి వెనక్కి సీటు తీసుకోండి. ఖాళీ కడుపూ వద్దు, నూనె పూరీలూ వద్దు, రెండు ఇడ్లీలు చాలు. వాంతుల మాత్ర వేసుకునేవాళ్లు ఓడ కదలడానికి గంట ముందే వేసుకోవాలి. తల తిరగడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు. పిల్లలకూ గర్భిణులకూ డాక్టర్ని అడక్కుండా ఇవ్వొద్దు.

హేవ్‌లాక్‌లో రెండు రాత్రులు ఉండండి. రాధానగర్ బీచ్ సూర్యాస్తమయానికి, కాలాపత్థర్ సూర్యోదయానికి. రాధానగర్‌కు నాలుగింటికి ముందే చేరాలి, డిసెంబరులో అయిదుకు వెళ్తే చీకటే మిగులుతుంది. ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ దీవుల్లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. 2010లో హేవ్‌లాక్‌లోనే ఒక పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. మడ అడవులు, వాగులు సముద్రంలో కలిసే చోట్ల నీళ్లలోకి దిగకండి. వలలు కట్టిన చోట, లైఫ్‌గార్డులున్న చోట మాత్రమే, పగటి వెలుతుర్లోనే స్నానం చేయండి.

స్కూబా, అంటే గాలి సిలిండరుతో నీటి అడుగుకు దిగడం, మొదటిసారి చేసేవాళ్లకు ఈత రావాల్సిన పనిలేదు. శిక్షకుడు పట్టుకుని పన్నెండు మీటర్లలోపు తీసుకెళ్తాడు. పదేళ్లు నిండిన పిల్లలు చేయొచ్చు. ఆస్తమా, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే ఫారంలో దాచకండి. జలుబుతో దిగొద్దు. లోపలికి వెళ్లేకొద్దీ చెవిపై ఒత్తిడి పెరుగుతుంది, ముక్కు మూసుకుని గాలి ఊది దాన్ని సరిచేసుకోవాలి. ముక్కు దిబ్బడ ఉంటే అది కుదరదు, కర్ణభేరికి దెబ్బ తగులుతుంది. డైవింగ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. నీటి ఒత్తిడిలో ఒంట్లో కరిగిన నైట్రోజన్ పైకెళ్లినప్పుడు బుడగలుగా మారడమే కారణం. అందుకే డైవింగ్‌ను యాత్ర మధ్యలో పెట్టండి, చివర్న కాదు. నీటిలో ఉన్నప్పుడు పగడాల మీద కాలు మోపకండి. రాయిలా కనిపించేది ప్రాణమున్న జీవుల గుంపు, తొక్కితే విరిగిన కొమ్మ మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది.

నీల్ దీవిలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఆటుపోట్లు. లక్ష్మణ్‌పూర్ దగ్గర సముద్రం చెక్కిన రాతి వంతెనను ఆటు సమయంలోనే దగ్గరగా చూడగలరు. పోటు మీద వెళ్తే దారి నీళ్లలో ఉంటుంది. ముందురోజు రాత్రే హోటల్లో ఆటు వేళ అడిగి, దానికి గంట ముందు అక్కడుండేలా బయల్దేరండి. నీళ్లు వెనక్కి పోయిన రాతి గుంటల్లో సముద్ర దోసకాయలు, చిన్న పీతలు, రంగు చేపలు కనిపిస్తాయి. చెప్పుల్లేకుండా నడిస్తే పాదాలు కోసుకుపోతాయి, హవాయి చెప్పులు జారతాయి, వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు కావాలి. ఇక్కడి ఊళ్ల పేర్లు రామ్‌నగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డ కాందిశీకులు ఈ దీవిని సాగులోకి తెచ్చారు.

బారాటాంగ్ దీవిలోని సున్నపురాయి గుహలకు వెళ్లాలా వద్దా అన్నది ఆలోచించి తేల్చుకోండి. పోర్ట్ బ్లెయిర్ నుంచి దాదాపు 100 కిలోమీటర్లు, తెల్లవారుజామున మూడు నాలుగింటికి బయల్దేరాలి. జిర్కాటాంగ్ గేటు దగ్గర వాహనాల్ని వరుసగా కట్టి, పోలీసు తోడుతో పంపుతారు. ఆ దారి జరవాలు అనే ఆదివాసులకు కేటాయించిన అడవి గుండా పోతుంది. దాటాక మడ అడవుల పాయలో పడవ ప్రయాణం నిజంగా అద్భుతం. కానీ కొందరు డ్రైవర్లు 'జరవాల్ని చూపిస్తాం' అని ఆశపెడతారు. ఆ మాట అన్న బండి ఎక్కొద్దు. వాళ్లు తమ ఇంట్లో ఉన్న మనుషులు, చూసిపోయే వస్తువులు కారు. బయటివాళ్ల జబ్బులను తట్టుకునే శక్తి వాళ్ల శరీరాలకు తక్కువ. ఆపడం, ఫొటో తీయడం, తిండి ఇవ్వడం అన్నీ నేరాలు, జైలు శిక్ష పడుతుంది. ఫోను సంచిలో పెట్టేసి కూర్చోగలిగితేనే వెళ్లండి.

ఆ ప్రయాణం వద్దనుకుంటే ఆ రోజును వండూర్ దగ్గరి మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కుకు ఇవ్వండి. 1983లో ఏర్పడిన ఈ పార్కులో జాలీబాయ్ దీవి శీతాకాలంలోనూ ఎండాకాలంలోనూ, రెడ్‌స్కిన్ దీవి మిగతా కాలంలో తెరుస్తారు. పగడాలకు విశ్రాంతి ఇవ్వడానికే ఈ ఏర్పాటు. ముందుగానే అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి, ప్లాస్టిక్ ఏదీ తీసుకెళ్లనివ్వరు, స్టీలు సీసా పట్టుకెళ్లండి. పక్షులు ఇష్టమైనవాళ్లకు చిడియాటాపు అనే చోటు చాలు. సూర్యాస్తమయానికి గంట రెండు గంటల ముందే వెళ్లి అడవి దారిలో నడవండి.

2020లో చెన్నై నుంచి సముద్రగర్భ కేబులు వచ్చాక ఇంటర్నెట్టు మెరుగైంది. అయినా చిన్న దీవుల్లో సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. ఓడ టికెట్లు కాగితం మీద తీసుకోండి, ఆరు రోజులకు సరిపడా నగదు పోర్ట్ బ్లెయిర్‌లోనే తీసుకోండి. విమానానికి ముందు రాత్రి తప్పకుండా పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి. హేవ్‌లాక్ నుంచి ఉదయం ఓడలో వచ్చి మధ్యాహ్నం విమానం ఎక్కుదామనుకుంటే, సముద్రం కాస్త పొంగి ఓడ ఆగిన రోజున టికెట్టు డబ్బు పోతుంది.

ఒడ్డున దొరికిన పగడపు ముక్కనూ గవ్వనూ పిల్లలు జేబులో వేసుకుంటారు. బయల్దేరే ముందు రాత్రే జేబులూ సంచులూ దులిపి బీచ్‌లోనే వదిలేయించండి. పగడాలకూ, కొన్ని రకాల శంఖాలకూ వన్యప్రాణి రక్షణ చట్టం వర్తిస్తుంది, విమానాశ్రయంలో స్కానర్‌కు దొరికితే కేసు అవుతుంది. గుర్తుగా ఏదైనా కావాలంటే ప్రభుత్వ సాగరిక ఎంపోరియంలో పడౌక్ చెక్క బొమ్మ కొని, బిల్లు చేతి సంచిలో పెట్టుకోండి.