జనరేటర్ గ్రిడ్‌తో కలవట్లేదా? కలిసినా నిలవట్లేదా? లక్షణం, కారణం, పరిష్కారం

విడిగా నడిపినంతసేపు జనరేటర్ బాగానే ఉంటుంది. వోల్టేజీ నిలకడగా ఉంటుంది, లోడు వేస్తే తీసుకుంటుంది. గ్రిడ్‌కు కలపబోతేనే బ్రేకర్ (రెండిటినీ కలిపే స్విచ్) మూసుకోదు, లేదా మూసుకున్న వెంటనే ట్రిప్ అవుతుంది, అంటే తానే తెరుచుకుంటుంది. ఆ టెన్షన్‌లో చాలామంది ముందు చేసేది రిలే (తేడా కనిపిస్తే బ్రేకర్‌ను తెరిపించే రక్షణ పరికరం) సెట్టింగ్ పెంచేయడం. దయచేసి అది మాత్రం చేయకండి. రిలే ఏదో చెబుతోంది. ముందు అదేమిటో చూడండి.

ఇంకో మాట. ట్రాన్స్‌ఫార్మర్‌లో కరెంటు రెండు వైపులా నడుస్తుంది. లైన్ ఆగి ఉన్నప్పుడు మీరు 400 వోల్టుల వైపు నుంచి తోస్తే అవతల 11 కిలోవోల్టులు తయారవుతాయి. లైన్ చనిపోయిందనుకుని స్తంభం మీద పనిచేసే మనిషికి మీ జనరేటర్ నడుస్తోందని తెలియదు. కాబట్టి పంపిణీ సంస్థ అనుమతి, వాళ్లు ఆమోదించిన రక్షణ సెట్టింగులు, తాళం వేయగల ఐసోలేటర్ (లైన్ నుంచి పూర్తిగా విడదీసే స్విచ్) ఉన్న చోటే ఈ పనికి దిగండి. రిలేను బైపాస్ చేసి బ్రేకర్‌ను చేత్తో వేయడం ఏ పరిస్థితిలోనూ వద్దు.

బ్రేకర్ వేయడానికి సింక్ రిలే ఒప్పుకోవట్లేదు

జనరేటర్‌కూ గ్రిడ్‌కూ మధ్య వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ, ఫేజ్ కోణం (రెండిటి అలలు ఎంత ముందువెనకలుగా ఉన్నాయో చెప్పేది) తేడాలు మూడూ హద్దులోకి వస్తేనే సింక్ రిలే అనుమతిస్తుంది. హద్దులు ఎంత ఉంటాయో తెలియడానికి ఐఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజినీర్ల అంతర్జాతీయ సంస్థ) 1547 ప్రమాణం చూడండి. జనరేటర్ సామర్థ్యం 500 కేవీఏ వరకు ఉంటే ఫ్రీక్వెన్సీ తేడా 0.3 హెర్ట్జ్, వోల్టేజీ తేడా 10 శాతం, కోణం 20 డిగ్రీలు. 1500 కేవీఏ దాటితే అవే 0.1 హెర్ట్జ్, 3 శాతం, 10 డిగ్రీలు. మీకు వర్తించేవి మీ పంపిణీ సంస్థ ఇచ్చిన అంకెలే.

సింక్రోస్కోప్ (కోణం తేడాను ముల్లుతో చూపే మీటరు) ముల్లు గడియారంలా కుడికి తిరుగుతుంటే జనరేటర్ వేగం ఎక్కువ, ఎడమకు తిరిగితే తక్కువ. కోణం కలిసే 12 దగ్గర కాకుండా వేరే చోట కదలకుండా నిలిచిపోతే ఫ్రీక్వెన్సీలు సమానమయ్యాయి కానీ కోణం కలవలేదని అర్థం. వేగం కొంచెం పెంచితే ముల్లు కదులుతుంది. ముల్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంటే తప్పు సింక్ రిలేది కాదు, ఇంజిన్‌ది. ఇంధనం ఫిల్టరు, లైన్లో గాలి, గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని నియంత్రించే పరికరం) గెయిన్, అంటే దాని స్పందన తీవ్రత, చూడండి.

ముల్లు 12 మీదే ఉంది, అయినా వేయగానే పెద్ద దెబ్బ

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. బేస్ అదిరింది, కప్లింగ్ (ఇంజిన్‌ను జనరేటర్‌తో కలిపే భాగం) శబ్దం చేసింది, బ్రేకర్ ఓవర్ కరెంట్ మీద ట్రిప్ అయింది. రెండోసారి ప్రయత్నించకండి. ముందు కప్లింగ్, వైండింగ్ బ్రేసింగ్ (తీగచుట్టలను పట్టి ఉంచే కట్లు) పరీక్షించండి.

సింక్రోస్కోప్ నేరుగా బ్రేకర్‌ను చూడదు. పీటీల (వోల్టేజీని కొలతకు వీలుగా తగ్గించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ల) నుంచి వచ్చే సన్నని వైర్లనే చూస్తుంది. అక్కడ ఆర్ ఫేజ్ బదులు వై ఫేజ్ తగిలిందంటే ముల్లు 12 చూపిస్తుంది, బ్రేకర్ పోల్స్ మధ్య మాత్రం 120 డిగ్రీల తేడా ఉంటుంది. ఒక పీటీ 11 కేవీ వైపు, రెండోది 400 వోల్టుల వైపు ఉంటే ఇంకో చిక్కు. డీవైఎన్11 (వైండింగులు కలిపిన తీరుకు పేరు) ట్రాన్స్‌ఫార్మర్‌లో తక్కువ వోల్టేజీ వైపు 30 డిగ్రీలు ముందుంటుంది. రిలేలో ఆ సవరణ ఇవ్వకపోతే 30 డిగ్రీల తప్పు, గుర్తు తిరగేసి ఇస్తే 60.

పరిష్కారం ఊహతో కాదు, కొలతతో. జనరేటర్ ఆపి, దాని కేబుళ్లు పూర్తిగా విడదీసి, బ్రేకర్ వేసి, రెండు పీటీలకూ గ్రిడ్ కరెంటే అందేలా చేయండి. అప్పుడు ముల్లు కచ్చితంగా 12 మీద, రెండు వోల్టేజీలూ సమానంగా ఉండాలి. లేకపోతే పీటీ వైరింగ్ తప్పు. ఈ పరీక్షలో కేబుళ్లు విడదీయడం మరిచారంటే ఆగి ఉన్న జనరేటర్‌ను గ్రిడ్ మోటారులా తిప్పడానికి చూస్తుంది, అందుకే ఇద్దరు మనుషులు వేర్వేరుగా చూసి నిర్ధారించుకోండి. ఆ తర్వాత బ్రేకర్ తెరిచి, కేబుళ్లు మళ్లీ బిగించి, జనరేటర్ నడిపి దాని వైపు ఫేజ్ వరుస మీటరుతో చూడండి. వరుస తిరగబడితే జనరేటర్ వైపు రెండు ఫేజులు మార్చండి. గ్రిడ్ వైపు మారిస్తే అక్కడి మోటార్లన్నీ వెనక్కి తిరుగుతాయి.

చివరి తనిఖీ: ముల్లు 12 దగ్గర ఉన్న క్షణంలో, తెరిచి ఉన్న బ్రేకర్‌కు అటూ ఇటూ ఒకే ఫేజ్ మధ్య కొలిస్తే దాదాపు సున్నా రావాలి, మూడు ఫేజుల్లోనూ. కోణం 180 డిగ్రీలైతే అదే చోట వోల్టేజీ రెట్టింపవుతుంది కాబట్టి మీటరు దానికి తగ్గది ఉండాలి. ఇది 400 వోల్టుల వరకే. 11 కేవీ దగ్గర మామూలు మీటరు పెడితే ప్రాణం పోతుంది, అక్కడ ఫేజింగ్ స్టిక్ (దూరం నుంచి కొలిచే ఇన్సులేటెడ్ కర్ర) ఉన్న శిక్షణ పొందిన వాళ్లే కొలవాలి.

వైరింగ్ సరిగానే ఉండి దెబ్బ చిన్నదైతే బ్రేకర్ మూసుకోవడానికి పట్టే సమయం చూడండి. మూసుకోవడానికి 100 మిల్లీసెకన్లు తీసుకునే బ్రేకర్, 0.2 హెర్ట్జ్ తేడా ఉంటే, ఆలోపు ముల్లు 7 డిగ్రీలు దాటిపోతుంది. ఆ సమయాన్ని రిలేలో నమోదు చేస్తే అది ముందుగానే ఆదేశం ఇస్తుంది.

కలిసిన కొన్ని సెకన్లకే రివర్స్ పవర్ ట్రిప్

జనరేటర్ వేగం కాస్త తక్కువగా ఉన్నప్పుడు కలిపితే గ్రిడ్ దాన్ని లాగుతుంది, అంటే జనరేటర్ కరెంటు ఇవ్వకుండా తీసుకుంటుంది (రివర్స్ పవర్). ముల్లు నెమ్మదిగా కుడికి తిరుగుతుండగా కలిపి, వెంటనే గవర్నర్ పెంచి కొంచెం లోడు ఎక్కించండి. అలా చేసినా ట్రిప్ అయితే ఒక చిన్న పరీక్ష ఉంది. గవర్నర్ పెంచేకొద్దీ మీటరు మీద మైనస్ అంకె పెరుగుతుంటే యంత్రం సరిగానే ఉంది, సీటీ (కరెంటును కొలతకు వీలుగా తగ్గించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్) తిరగబడింది. సీటీ వైర్లు మార్చే ముందు యంత్రం ఆపండి. కరెంటు పారుతుండగా సీటీ సెకండరీ తెరిస్తే ప్రాణాంతకమైన వోల్టేజీ వస్తుంది.

లోడు దానంతట అదే పూర్తిగా పైకి పోతున్నా, లేక సున్నాకు పడిపోతున్నా గవర్నర్ ఇంకా ఐసోక్రోనస్‌లో (లోడు ఎంతున్నా ఒకే వేగం పట్టుకునే మోడ్‌లో) ఉందని అనుమానించండి. గ్రిడ్ ఫ్రీక్వెన్సీని ఒక చిన్న యంత్రం మార్చలేదు. డ్రూప్‌లోనో (లోడు పెరిగేకొద్దీ వేగం కాస్త తగ్గనిచ్చే మోడ్), స్థిర లోడు మోడ్‌లోనో పెట్టండి.

కిలోవాట్లు తక్కువ, ఆంపియర్లు ఎక్కువ

400 వోల్టుల దగ్గర 100 కిలోవాట్లకు పవర్ ఫ్యాక్టర్ (పారే కరెంటులో నిజంగా పనిచేసే వంతు) 1 ఉంటే 144 ఆంపియర్లు. 0.5 అయితే 289. కారణం ఏవీఆర్ (జనరేటర్ వోల్టేజీని నిలబెట్టే పరికరం) గ్రిడ్ వోల్టేజీతో పోటీ పడటం. గ్రిడ్‌తో ఉన్నప్పుడు పవర్ ఫ్యాక్టర్ మోడ్‌లోకి, విడిగా నడిచేటప్పుడు వోల్టేజీ మోడ్‌లోకి మారేలా చేయాలి. ఏవీఆర్‌కు కరెంటు సమాచారం ఇచ్చే డ్రూప్ సీటీ వేరే ఫేజ్ మీద ఉన్నా ఇదే లక్షణం కనిపిస్తుంది.

న్యూట్రల్ వేడెక్కుతోంది, ఎర్త్ ఫాల్ట్ రిలే (నేలకు కరెంటు కారితే స్పందించేది) ట్రిప్ చేస్తోంది

జనరేటర్ న్యూట్రల్, ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ రెండూ ఎర్త్ అయి ఉంటే మూడో హార్మోనిక్ (అసలు ఫ్రీక్వెన్సీకి మూడింతలున్న కరెంటు) వాటి మధ్య తిరుగుతుంది. సమాంతరంగా నడిచేటప్పుడు జనరేటర్ న్యూట్రల్‌ను తెరిచి, విడిగా నడిచేటప్పుడు మూసే కాంటాక్టర్ (విద్యుత్‌తో పనిచేసే స్విచ్) పెట్టవచ్చు. ఎర్తింగ్ ఎక్కడ ఉండాలో మాత్రం పంపిణీ సంస్థే చెప్పాలి.

లోడు పెంచితే ఓవర్ వోల్టేజీ ట్రిప్

ఫీడర్ చివర ఉన్నవాళ్లకు ఇది తప్పదు. ఒక్కో ఫేజ్ నిరోధం 0.05 ఓమ్ ఉన్న కేబుల్ మీదుగా 100 కిలోవాట్లు పంపితే 400 వోల్టుల మీద దాదాపు 12.5 వోల్టులు, అంటే 3 శాతం పైగా పెరుగుతుంది. చుట్టుపక్కల వాడకం తక్కువైన వేళ గ్రిడ్ వోల్టేజీ అప్పటికే ఎక్కువగా ఉంటుంది కాబట్టి హద్దు దాటుతుంది. ట్రిప్ హద్దు పెంచితే ఆ వోల్టేజీ పొరుగువాళ్ల ఉపకరణాల మీద పడుతుంది. కేబుల్ లావు పెంచండి, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజీ నిష్పత్తిని సర్దే మెట్టు) మార్చమని అడగండి, లేదా వోల్టేజీ పెరిగినప్పుడు రియాక్టివ్ పవర్ (పని చేయకుండా అటూ ఇటూ తిరిగే పవర్) పీల్చుకునేలా జనరేటర్‌ను సెట్ చేయించండి.

ఏ తప్పూ లేదు, అయినా అప్పుడప్పుడూ ట్రిప్

గ్రిడ్ పోయిందని కనిపెట్టే రిలే దూరంలోని కుదుపుకు కూడా స్పందించగలదు. 2019 ఆగస్టు 9న బ్రిటన్‌లో పిడుగుపాటు తర్వాత పెద్ద కేంద్రాలు ఆగిపోవడంతోపాటు చాలా చిన్న జనరేటర్లు ఈ రక్షణ వల్లే విడిపోయి, ఫ్రీక్వెన్సీ 48.8 హెర్ట్జ్‌కు పడిపోయింది. అలాగని ఆ రిలేను ఆపేయకండి. లైన్‌మన్‌ను కాపాడేది అదే. ట్రిప్ అయిన సమయాలు రాసుకుని, రిలే రికార్డుతో పంపిణీ సంస్థకు ఇవ్వండి. ఫ్రీక్వెన్సీ మార్పు వేగానికి పెట్టిన హద్దు, దాని ఆలస్యం సవరించాలో లేదో వాళ్లు తేలుస్తారు.

కరెంటు తిరిగి వచ్చాక జనరేటర్ వెంటనే కలవకపోతే కంగారు వద్దు. గ్రిడ్ నిలకడగా ఉందో లేదో చూసుకోవడానికి రక్షణ వ్యవస్థ కావాలనే ఆగుతుంది. ఐఈఈఈ 1547-2018లో డిఫాల్ట్ ఆలస్యం 300 సెకన్లు.