రెండు శాకాహార కీటకాలనూ వాటి ఆవాసాలనూ పోల్చడం ఎలా?

రంగు, పరిమాణం వెంటనే కంటికి కనిపిస్తాయి కానీ, ఒక పురుగు ఎక్కడ బతకగలదో చెప్పవు. అది ఎలా తింటుంది, గుడ్లు ఎక్కడ పెడుతుంది అన్నవే ఆ సంగతి చెబుతాయి కాబట్టి పోలికను అక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఎడారి మిడతనూ వరిని ఆశించే సుడిదోమనూ ఉదాహరణగా తీసుకుందాం.

ముందుగా నోటిని పరిశీలించండి. మిడత బలమైన దవడలతో ఆకులు, పూలు, గింజలు కొరికి తింటుంది. ఎదిగిన మిడత రోజుకు దాదాపు తన బరువంత, అంటే సుమారు 2 గ్రాముల మేత మేస్తుంది. సుడిదోమ సూదిలాంటి నోటిని కాండంలోకి గుచ్చి రసం పీలుస్తుంది. అందుకే మిడతలు వాలిన చోట పచ్చదనమే మిగలదు, సుడిదోమ సోకిన చోట మాత్రం దుబ్బులు నిలువునా ఎండి, చేలో సుళ్లు సుళ్లుగా మచ్చలు పడతాయి.

తరువాత ఆహారపు జాబితా రాయండి. మిడతది చాలా పొడవుగా ఉంటుంది, సుడిదోమది దాదాపు వరితోనే ముగుస్తుంది.

ఎక్కువ సమయం కేటాయించాల్సింది ఆవాసానికే. ప్రాంతం పేరు రాసి ఊరుకోకుండా, గుడ్డు, పిల్ల, పెద్ద పురుగు దశలకు ఏమేమి కావాలో విడివిడిగా నమోదు చేయండి. ఎడారి మిడత వానకు తడిసిన ఇసుకలో సుమారు 10–15 సెంటీమీటర్ల లోతున గుడ్లు పెడుతుంది. పిల్లలు బయటికి వచ్చేసరికి అదే తడికి మొలిచిన పచ్చిక వాటికి మేతవుతుంది. సుడిదోమ ఆకుతొడుగును చీల్చి లోపల గుడ్లు పెట్టి, నీటిమట్టానికి కాస్త పైన, దుబ్బు మొదట్లోని నీడలో, తేమలో కాపురం ఉంటుంది. దట్టంగా నాటి, నత్రజని అధికంగా వేసిన చేలు దానికి మరింత అనుకూలం.

ఇప్పుడు పోలికలు వెతకండి. ఇంత భిన్నమైన ఈ రెండూ రద్దీకి స్పందించే తీరు నిజంగా ఆశ్చర్యం కలిగిస్తుంది: గుంపు పెరిగితే ఒంటరి మిడతలు రంగు, నడవడి మార్చుకుని దండుగా కదులుతాయి, సుడిదోమల్లో పొట్టి రెక్కలవాటికి బదులు పొడవు రెక్కలవి ఎక్కువగా పుడతాయి. రెండూ గాలివాటున చాలా దూరం వలసపోతాయి.

చివరిగా శత్రువులను చేర్చండి, ఎందుకంటే అవి కూడా ఆవాసంలో భాగమే. వరి చేలో సాలీళ్లు సుడిదోమను అదుపులో ఉంచుతాయి. విచక్షణ లేకుండా పురుగుమందు చల్లితే సాలీళ్లు చనిపోతాయి, ఆకుతొడుగులో దాగిన గుడ్లు మాత్రం చాలావరకు బతికి మళ్లీ పొదుగుతాయి.