పింఛను డబ్బుతో రోజు సులువుగా గడవాలంటే – 4వ పాఠం: పట్టు నిలవాలి, బండి నడవాలి

ఈ పాఠంలో దివ్యాంగులు వాడే ఊతకర్రలు, వీల్‌చైర్లు, వినికిడి మిషన్ల మరమ్మతు ఖర్చు గురించి చెబుతానన్నాను. చెబుతాను. కానీ మూడో పాఠం చదివి బాత్రూంలో హ్యాండిల్ పెట్టించుకున్నవాళ్లు రాసినవి చూశాక, ముందు ఆ పని సరిచేయక తప్పదు. ఇద్దరు పడ్డారు. అందులో ఒకావిడకు మణికట్టు ఎముక చిట్లింది. ఇద్దరి గోడకూ ఉన్నది ఒకే రకం హ్యాండిల్: గోడకు అదిమి మీట నొక్కితే గాలి పట్టుతో అతుక్కునే ప్లాస్టిక్‌ది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంది, డ్రిల్లింగ్ అక్కర్లేదు, ఇంటి ఓనర్‌తో గొడవ ఉండదు. అందుకే ఎక్కువమంది దాన్నే కొన్నారు.

దాన్ని తీసేయండి. ఈ రోజే తీసేయండి.

అది ఎందుకు పనికిరాదో కొంచెం వివరంగా చెబుతాను. రబ్బరు కప్పుకూ గోడకూ మధ్య గాలి లేకపోవడం వల్లే అది నిలబడుతుంది. గాలి లోపలికి చొరబడకుండా ఉండాలంటే గోడ అద్దంలా నున్నగా ఉండాలి. మన బాత్రూముల్లో సున్నం గోడో, రంగు వేసిన సిమెంటు గోడో, గరుకు టైల్సో ఉంటాయి. నున్నటి టైల్స్ ఉన్నా, రెండు టైల్స్ మధ్య అతుకు మీద కప్పు అంచు పడితే చాలు, గాలి మెల్లగా దూరుతుంది. ఇంకొకటి, బిగించిన రోజు లాగి చూస్తే గట్టిగానే ఉంటుంది. ఆ నమ్మకంతోనే రోజూ పట్టుకుంటాం. రబ్బరు వేడికీ చలికీ సాగి ముడుచుకుంటూ ఉంటుంది. తర్వాత ఎప్పుడో, మీరు ఒంటి బరువంతా దాని మీద వేసి లేస్తున్న క్షణంలో, ఏ చప్పుడూ లేకుండా ఊడి చేతిలోకి వస్తుంది. మేకు కొట్టినదైతే ముందు కదులుతుంది, సిమెంటు పొడి రాలుతుంది, మనకు తెలుస్తుంది. ఇది ముందుగా ఏమీ చెప్పదు. బాగా నడవగలిగిన మనిషి తూలకుండా వేళ్లు ఆనించుకోవడానికి సరిపోవచ్చు. కాళ్లలో బలం లేక చేతుల మీదే లేచేవాళ్లకు మాత్రం అది ప్రమాదం.

టవల్ రాడ్‌దీ ఇదే కథ. "స్టీలు రాడ్ ఉంది కదా సార్, దాన్నే పట్టుకుంటున్నాను" అని నలుగురైదుగురు రాశారు. అది తడి తువ్వాలు మోయడానికి చేసింది. లోపల బోలు, చివర్లలో చిన్న స్క్రూలు, ఆ స్క్రూలు ప్లాస్టిక్ ప్లగ్గుల్లో. దాని మీద బరువు వేయకండి. కుళాయి పట్టుకుని లేవడం కూడా మానేయండి. పైపు విరిగితే నీళ్లూ పోతాయి, మీరూ పడతారు.

మరి ఏం చేయాలి? నేను రెడీమేడ్ హ్యాండిల్ కంటే వెల్డింగ్ షాపునే నమ్ముతాను. ఒక అంగుళం జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనప పైపు) తీసుకోండి. పేరుకు అంగుళమే గాని దాని బయటి మందం సుమారు 33 మిల్లీమీటర్లు ఉంటుంది, పెద్దవాళ్ల పిడికిలికి సరిగ్గా సరిపోతుంది. రెండు చివర్లా వంచి, నాలుగు బోల్టుల కన్నాలున్న ఇనప పలకలు వెల్డ్ చేయించండి. తుప్పు పట్టకుండా రంగు వేయించండి. పైపుకూ గోడకూ మధ్య సందు 4 సెంటీమీటర్లు ఉంటే చాలు. వేళ్లు దూరాలి, ముంజేయి దూరకూడదు. సందు ఎక్కువైతే, జారినప్పుడు చేయి అందులో ఇరుక్కుని విరుగుతుంది.

గోడ సంగతి మేస్త్రీని అడగండి. తొమ్మిదంగుళాల ఇటుక గోడైతే, బిగించే కొద్దీ కన్నంలో విచ్చుకునే యాంకర్ బోల్టులు పట్టుకుంటాయి. అయితే కన్నం ఇటుక మధ్యలో పడాలి, అతుకులో కాదు. నాలుగున్నర అంగుళాల పార్టిషన్ గోడైతే బోల్టు అటువైపుకు దూర్చి, అవతల ఇంకో ఇనప పలక పెట్టి నట్టు బిగించాలి. మట్టితో కట్టిన పాత గోడైనా, రేకుల బాత్రూమైనా గోడను వదిలేయండి. పైపును తిరగేసిన 'యు' ఆకారంలో వంచి, రెండు కాళ్లనూ నేలలో కాంక్రీటు పోసి నిలబెట్టించండి. అద్దె ఇల్లయితే, చేతులున్న ఇనప కమోడ్ కుర్చీ కొనుక్కోండి. ఇల్లు మారితే వెంట వస్తుంది. మామూలు ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో కన్నం కోసి వాడుతున్నవాళ్లు ఆపేయండి. కన్నం కోశాక ఆ సీటుకు బలం ఉండదు, తడి నేల మీద కాళ్లు బయటికి పరుచుకుంటాయి.

ఎత్తు ఎంత అని అందరూ సెంటీమీటర్లు అడిగారు. నేను అంకె ఇవ్వను. వాడే మనిషిని కమోడ్ మీద కూర్చోబెట్టి, లేవబోతున్నట్టు ముందుకు వంగమనండి. చేయి సహజంగా ఎక్కడికి వెళ్తుందో అక్కడ సుద్దతో గీత గీయండి. పైపు అక్కడ రావాలి. సిమెంటు పూర్తిగా ఆరాక, ఇంట్లో అందరికంటే బరువైన మనిషిని వేలాడి చూడమనండి. ఆ తర్వాతే మీరు పట్టుకోండి.

ఈ ఒక్క పని మీద ఇంత సేపు ఎందుకు ఆగానంటే, బాత్రూంకి వెళ్లడం కష్టమని పొద్దుట్నుంచీ మంచినీళ్లు తాగకుండా ఉండే ఆడవాళ్లు నాకు చాలామంది తెలుసు. నీళ్లు తాగకపోతే మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు, మలబద్ధకం, మళ్లీ మందుల ఖర్చు. ఆ పైపు బిగిస్తే వాళ్లు దాహం వేసినప్పుడు నీళ్లు తాగగలుగుతారు. పింఛను డబ్బులో దీనికంటే ముందు పెట్టాల్సిన ఖర్చు నాకు కనిపించలేదు.

ఇక అసలు పాఠం.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు రూ.6,000 చేతికి వస్తోంది. పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకు రూ.15,000. తెలంగాణలో ఆసరా పింఛను పథకం కింద రూ.4,016. రెండో పాఠంలో ఇందులో పదో వంతు పక్కన పెట్టమన్నాను. అంటే ఆంధ్రాలో రూ.600, తెలంగాణలో సుమారు రూ.400. "ఇల్లంతా దాని మీదే గడుస్తుంటే పదో వంతు ఎక్కడిది? అత్తగారికి ఏమని చెప్పను?" అని ఒకమ్మాయి అడిగింది. ఇలా చెప్పమ్మా: "ఈ కర్ర విరిగితే నేను వంట కూడా చేయలేను అత్తయ్యా, ఇది దాని ఖర్చు." ఇది పొదుపు అని చెబితే పక్కనపెట్టిన డబ్బు అవసరానికి ఎవరో ఒకరు అడుగుతారు. మరమ్మతు డబ్బు అంటే అడగరు. నేనైతే దాన్ని ఇంట్లో ఉంచను, పోస్టాఫీసు పొదుపు ఖాతాలో వేస్తాను. ఏటీఎం కార్డు తీసుకోను. తీయాలంటే వెళ్లి సంతకం పెట్టాలి కాబట్టి చిన్న చిన్న వాటికి కరిగిపోదు.

మరమ్మతుకే ఎందుకంటే, వస్తువు ఉచితంగా తెచ్చుకునే దారి ఉంది. కేంద్ర ప్రభుత్వ 'అడిప్' పథకం కింద 40 శాతం, ఆపైన వైకల్యం ఉండి, నెల ఆదాయం రూ.22,500 దాటనివాళ్లకు వీల్‌చైర్, మూడు చక్రాల బండి, ఊతకర్రలు, వినికిడి మిషన్ ఉచితంగా ఇస్తారు. వీటిలో ఎక్కువ భాగం కాన్పూర్‌లోని అలింకో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ తయారుచేసినవే. వీటిని ఇచ్చే శిబిరం ఎప్పుడు, ఏ కాగితాలు కావాలి అన్నది మొదటి పాఠంలో ఉంది. కాబట్టి కొత్త వీల్‌చైర్ కోసం పింఛను డబ్బు ఖర్చుపెట్టకండి. కానీ ఒకసారి తీసుకున్నాక అదే వస్తువు మళ్లీ ఇవ్వాలంటే పెద్దవాళ్లకు మూడేళ్లు ఆగాలి. ఆ మూడేళ్లలో అరిగిపోయే చిన్న భాగాలు మనమే మార్చుకోవాలి. పల్లెల్లో ఎన్నో ఇళ్ల వరండాల్లో ట్యూబు పోయిన బండ్లు, అడుగున రబ్బరు బుష్షు లేని కర్రలు మూలన పడి ఉంటాయి. ఆ మనిషి మళ్లీ ఇంట్లోనే కూర్చుంటాడు. నాలుగైదు వందల దగ్గర ఆగిపోయిన బతుకులవి.

ఊతకర్ర: కింద ఉన్న రబ్బరు బుష్షును వారానికోసారి తిప్పి చూడండి. గాడులు అరిగినా, ఒక పక్కే అరిగినా మార్చేయండి. వంద రూపాయల లోపు పని. పాత బుష్షు తీసుకెళ్లి అదే సైజు తెచ్చుకోండి, ఒకేసారి రెండు జతలు కొనండి. కొత్త బుష్షు లోపల ఇనప వాషర్ ఒకటి వేస్తే గొట్టం అంచు రబ్బరును కోయదు, ఎక్కువ కాలం వస్తుంది. పాత టైరు ముక్కను మేకుతో కొట్టించుకోకండి. టైరు అరిగాక మేకు తల నేలకు తగిలి నున్నటి గచ్చు మీద జారుతుంది. చంక కర్రలు వాడేవాళ్లు బరువు అరచేతుల మీద వేయాలి, చంకల మీద కాదు. చంకలో నరం నొక్కుకుంటే చేతి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. వీలైనవాళ్లు మోచేతి కర్రలకు మారడమే నాకిష్టం.

వీల్‌చైర్: గాలి టైరైతే గాలి తగ్గినప్పుడు బ్రేకు పట్టదు. బ్రేకు పాడైందనుకుని చాలామంది దాన్ని మార్పిస్తారు, ముందు సైకిల్ షాపులో గాలి కొట్టించండి. ముందు చిన్న చక్రాల ఇరుసుకు వెంట్రుకలు, దారాలు చుట్టుకుంటాయి, నెలకోసారి తీసేయండి. అన్నిటికంటే ముఖ్యమైనది సీటు మీద వేసుకునే మెత్త. నడుము కింద స్పర్శ లేనివాళ్లకు పుండ్లు పడేది ఇక్కడే. కూర్చున్నాక కూర్చునే ఎముక కింద మెత్త అడుగున అరచేయి పెట్టించి చూడండి. ఎముకకూ సీటుకూ మధ్య చేయి నలిగితే ఆ ఫోమ్ పని అయిపోయినట్టే. మధ్యలో కన్నమున్న గుండ్రటి ట్యూబులాంటి మెత్త కొనకండి. చుట్టూ ఒత్తిడి పెట్టి రక్తం ఆడకుండా చేస్తుంది. మెత్త ఎంత మంచిదైనా పావుగంటకో అరగంటకో చేతుల మీద లేచి కూర్చోవాలి, రోజూ అద్దంతో చర్మం చూసుకోవాలి. ఎర్రబారి, ఒత్తిడి తీసినా తగ్గకపోతే ఆ చోటు మీద కూర్చోకుండా డాక్టరుకు చూపించండి.

బ్యాటరీ బండి: వాడిన రోజు రాత్రే చార్జింగ్ పెట్టండి. లెడ్ బ్యాటరీని పూర్తిగా దించేసి వారాల తరబడి వదిలేస్తే మళ్లీ కోలుకోదు. వానాకాలం బయటికి వెళ్లకపోయినా చార్జింగ్ ఆపకండి. మరమ్మతు డబ్బులో పెద్ద భాగం తినేది ఈ బ్యాటరీయే, ఈ బండి ఉన్నవాళ్లు పదో వంతుతో సరిపెట్టుకోలేరు.

వినికిడి మిషన్ బ్యాటరీ మీద ఉండే రంగు స్టిక్కర్ ఊరికే పెట్టింది కాదు. అది తీయగానే గాలి తగిలి బ్యాటరీ పని మొదలుపెడుతుంది. మళ్లీ అతికించినా ఆగదు. అందుకే డబ్బాలో ఉన్నవన్నీ ఒకేసారి విప్పకండి. స్టిక్కర్ తీశాక ఒకటి రెండు నిమిషాలు ఆగి మిషన్‌లో పెట్టండి. రంగే సైజు గుర్తు: పసుపు 10, గోధుమ 312, నారింజ 13, నీలం 675. షాపులో రంగు చెబితే చాలు. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో ఉంచితే చెమట తడి ఆరుతుంది.

చూపు లేనివాళ్లకు ఈ పద్దులో ఖర్చు తక్కువ. తెర మీద ఉన్నది చదివి వినిపించేవి, ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ, రెండూ ఉచితమే, రెండూ తెలుగు చదువుతాయి. చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి, ఆ డబ్బుతో మంచి ఇయర్‌ఫోన్ కొనుక్కోండి.

అభ్యాసం

ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను. సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి. సాయం కోసం ఎవరినైనా పిలిచిన ప్రతిసారీ టైము, పని రాయండి. పిలవాలనిపించి మానేసిన సందర్భాలు కూడా రాయండి: తాగని నీళ్లు, వెళ్లని పెళ్లి, మార్చుకోని బట్టలు. రాయలేనివాళ్లు ఫోన్‌లో వాయిస్ రికార్డ్ చేయండి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి, లేకపోతే తమ మీద ఫిర్యాదు రాస్తున్నారనుకుంటారు.

ఆదివారం రాత్రి అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చిన పని ఏదో చూడండి. ఎక్కువ ఇబ్బంది అనిపించింది కాదు, ఎక్కువసార్లు వచ్చింది. దాన్ని సులువు చేసే వస్తువో మరమ్మతో ఏదో, ఊళ్లో రెండు చోట్ల ధర అడిగి రాసి నాకు పంపండి. గోడకు సంబంధించిన పనైతే గోడ మందం, బాత్రూం తలుపు వెడల్పు కూడా టేపుతో కొలిచి రాయండి, అంచనాగా వద్దు. రైలు రాయితీ పాఠం వచ్చేసారి మొదలుపెడదాం, దానికి సదరం సర్టిఫికెట్ (వైకల్య శాతం తెలిపే ప్రభుత్వ పత్రం) జిరాక్సు దగ్గర ఉంచుకోండి.