యూరప్‌లో జీతంతో లా పీహెచ్‌డీ: దరఖాస్తుకు ముందు జాగ్రత్తలు

నార్వే, నెదర్లాండ్స్, జర్మనీ విశ్వవిద్యాలయాల్లో న్యాయశాస్త్ర పీహెచ్‌డీ స్థానాలు చాలావరకు ఉద్యోగాలే. ప్రవేశ పరీక్ష రాసి సీటు తెచ్చుకునే పద్ధతికి అలవాటుపడినవారు ఈ తేడాను ముందుగా గ్రహించాలి. ప్రకటనలో తప్పనిసరి అన్న అర్హత ఒక్కటి లోపించినా, మిగతావన్నీ ఎంత బాగున్నా, దరఖాస్తు తొలి వడపోతలోనే పోవచ్చు. కనుక ప్రకటనను చట్టంలోని సెక్షన్‌ను చదివినట్టే చదవాలి. ముఖ్యంగా ఏడాది ఎల్‌ఎల్‌ఎం చేసినవారు అది అక్కడి మాస్టర్స్ డిగ్రీకి సరిపోతుందో లేదో ప్రకటనలో ఇచ్చిన చిరునామాకు రాసి, జవాబును భద్రపరచుకోవాలి. ఐరోపా సమాఖ్య పరిశోధకులకు నిధులిచ్చే మేరీ క్యూరీ పథకం కింద వచ్చే స్థానాలకైతే, నియామకానికి ముందు 36 నెలల్లో ఆ దేశంలో 12 నెలలకు మించి ఉన్నవారు అనర్హులు. అక్కడే ఎల్‌ఎల్‌ఎం చదువుతున్న మనవాళ్లు దీన్ని తప్పక చూసుకోవాలి.

జీతం అంకె ఒక్కటే చూసి సంతోషపడకూడదు. జర్మనీలో సగం పని, సగం జీతం స్థానాలు సర్వసాధారణం. పైగా అక్కడ ఉద్యోగం రావడం వేరు, విశ్వవిద్యాలయ న్యాయ విభాగం (ఫ్యాకల్టీ) డాక్టరేట్ అభ్యర్థిగా అంగీకరించడం వేరు కాబట్టి రెండింటినీ విడివిడిగా రూఢి చేసుకోవాలి. నెదర్లాండ్స్‌లో సాధారణంగా తొలి ఒప్పందం ఏడాది, ఏడాదిన్నరకే ఉంటుంది, పనితీరు నచ్చితేనే మొత్తం నాలుగేళ్లకు పొడిగిస్తారు. దరఖాస్తుకు రుసుము అడిగితే, మరీ ముఖ్యంగా ఏదో ఏజెన్సీ అడిగితే, అక్కడితో ఆగిపోవాలి.

అన్నింటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది పరిశోధన ప్రతిపాదన మీద. "భారత, ఐరోపా డేటా రక్షణ చట్టాలను పోల్చి చూస్తాను" అంటే అది అంశమే తప్ప ప్రశ్న కాదు. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోని 17(2) సెక్షన్ కింద కేంద్రం నోటిఫికేషన్‌తో ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇవ్వవచ్చు. ఐరోపా సమాఖ్య డేటా రక్షణ చట్టమైన జీడీపీఆర్‌లోని 23వ అధికరణం అలాంటి పరిమితులు అవసరమైనంత మేరకే, తగిన మోతాదులోనే ఉండాలంటుంది. గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన 2017 నాటి సుప్రీంకోర్టు పుట్టస్వామి తీర్పు చెప్పిన అనుపాత సూత్రానికి (హక్కుపై ఆంక్ష అవసరానికి మించకూడదన్న సూత్రానికి) మన మినహాయింపు నిలుస్తుందా అని అడిగితే, అది ప్రశ్న. ఏ తీర్పులు, ఏ పత్రాలు చదువుతారో, ఏ ఏడాది ఏ పని పూర్తిచేస్తారో కూడా రాయాలి. స్థానం ఒక ప్రాజెక్టుకు కట్టుబడి ఉంటే, సొంత అంశాన్ని దాని మీద రుద్దకుండా ఆ ప్రాజెక్టులోనే తమ వంతు చూపించాలి.

సిఫారసు లేఖ రాసే అధ్యాపకులకు నెల ముందే ప్రతిపాదన అందజేయడం మంచిది. గడువు ఐరోపా కాలమానంలో ఉన్నా, చివరి రాత్రి దాకా ఆగవద్దు. నార్వేలో గోప్యత కోరినా అభ్యర్థి పేరు బహిరంగ జాబితాలోకి రావచ్చు కనుక, ఇక్కడి యాజమాన్యానికి తెలియకూడదనుకునేవారు అది ఆలోచించుకునే పంపాలి.

ఒప్పందం మీద సంతకాలై, నివాస అనుమతి చేతికి అందే వరకు ఉన్న ఉద్యోగానికి రాజీనామా చేయవద్దు. బార్‌లో నమోదైన న్యాయవాదులు పూర్తికాల జీతపు ఉద్యోగంలో చేరితే, బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం ఆ సంగతి తమ రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు తెలిపి ప్రాక్టీసు ఆపవలసి ఉంటుంది. విమానం ఎక్కేముందే ఆ లేఖ ఇచ్చి రసీదు తీసుకోవాలి.