థాయ్ వంట ఇంట్లో చేస్తున్నారా, ఏ దినుసు ఎప్పుడు వేయాలో ముందు చూసుకోండి

థాయ్ వంట కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు చాలామంది పెద్ద లిస్ట్ రాసుకుని అన్నీ కొనేస్తారు, కొన్నవన్నీ ఒకేసారి గిన్నెలో వేసేస్తారు, తీరా తింటే ఆ రుచి రాదు. ఏం వేశాం అన్నదెంత ముఖ్యమో, అది మంట మీద ఎంతసేపుంది అన్నదీ అంతే ముఖ్యం, అందుకే ఆ లెక్కలోనే చెప్తాను.

మొదటిది నామ్ ప్లా, అంటే ఫిష్ సాస్. ఇది లేకుండా థాయ్ వంట ఊహించుకోలేం. నెత్తళ్ళలాంటి చిన్న చేపల్ని ఉప్పుతో కలిపి ఏడాది, ఏడాదిన్నర ఊరబెడితే దిగే తేట రసం ఇది. సీసా మూత తీయగానే వచ్చే వాసనకి కంగారుపడకండి, వంటలో కలిశాక ఆ ఘాటు తగ్గి కమ్మదనం మిగుల్తుంది. కొనేముందు లేబుల్ చదవండి, చేప, ఉప్పు, మహా అయితే కాస్త చక్కెర, అంతకన్నా పొడుగు లిస్ట్ ఉంటే నేనైతే తీసుకోను. దీన్ని పచ్చిగా కూడా వాడతారు, ప్రిక్ కీ నూ అనే బుల్లి మిరపకాయల్ని తరిగి ఇందులో వేసి కాస్త నిమ్మరసం పిండితే ప్రిక్ నామ్ ప్లా, థాయ్ ఇళ్ళల్లో అన్నంతో పాటు పక్కన ఉండేది ఇదే.

తర్వాత మరిగే వాటి సంగతి. నిమ్మగడ్డి పై పొరలు తీసేసి, కింద తెల్లటి భాగాన్ని కత్తి వెనక వైపుతో గట్టిగా కొట్టి వేయాలి, కొట్టకపోతే వాసన బయటికి రాదు. ఖా అంటే గలాంగల్, చూడ్డానికి అల్లంలా ఉంటుంది కానీ అల్లం కాదు, గట్టిగా ఉండి దేవదారు చెక్కలాంటి వాసనొస్తుంది, దొరక్కపోతే అల్లం వేసుకోండి అని చాలామంది చెప్తారు గానీ కొబ్బరి పాలతో చేసే తోమ్ ఖా సూప్‌కి పేరే దీని వల్ల వచ్చింది, అల్లం వేస్తే అది వేరే సూప్ అయిపోతుంది. ఈ రెండూ ముందే వేసి మరిగించాలి. మక్రూట్ నిమ్మాకు, అంటే గరుకు తొక్క ఉండే ఒక నిమ్మ జాతి చెట్టు ఆకు, దాన్ని మాత్రం మధ్య ఈనె తీసేసి, చేత్తో చింపి, చివర్లో వేయండి. ఎండుటాకులో వాసన పెద్దగా ఉండదు, తాజా ఆకు దొరికినప్పుడు ఎక్కువ తెచ్చి ఫ్రీజర్‌లో పెట్టుకోండి, గలాంగల్ కూడా ముక్కలు కోసి అలాగే దాచుకోవచ్చు. సూప్‌లో ఈ ముక్కలు తినడానికి కాదు, పక్కకి తీసి పెట్టేస్తారు.

ఇక దంచేవి. కొత్తిమీర కట్ట కొంటే వేర్లు పారేయకండి, దయచేసి! కొత్తిమీర వేరు, వెల్లుల్లి, తెల్ల మిరియాలు, ఈ మూడింటినీ కలిపి థాయ్‌లో సామ్ క్లూ అంటారు, ముగ్గురు నేస్తాలని అర్థం, ఎన్నో వంటలకి ఇదే పునాది. కర్రీ పేస్ట్‌కి ముందు గట్టివి, ఎండినవి దంచి, తడివి తర్వాత వేసి, రొయ్యలతో చేసే కపి అనే ముద్ద ఆఖర్న కొంచెం కలుపుతారు. మిక్సీలో వేస్తే తిరగడానికి నీళ్ళు పోయాల్సొస్తుంది, నీళ్ళు పడితే పేస్ట్ వేగదు, ఉడుకుతుంది, తేడా అక్కడే తెలిసిపోతుంది.

ఆ పేస్ట్ వేయించేది నూనెలో కాదు, చిక్కటి కొబ్బరి పాలలో. డబ్బాని ఊపకుండా తెరిచి, పైన పేరుకున్న మీగడలాంటి భాగం మాత్రం బాణలిలో వేసి, నూనె తేలేదాకా ఓపిగ్గా కాచి అప్పుడు పేస్ట్ వేయండి. పలచటి పాలు తర్వాత. కొన్ని డబ్బాల్లో పాలు విరక్కుండా ఎమల్సిఫయర్, అంటే నూనెనీ నీళ్ళనీ విడిపోకుండా పట్టి ఉంచే పదార్థం, కలుపుతారు, వాటిలో ఎంతసేపు కాచినా నూనె తేలదు, అలాంటప్పుడు ఒక స్పూన్ నూనె వేసేయండి, తప్పేం లేదు.

పులుపులో ఒక్కటే గుర్తుపెట్టుకోండి, చింతపండు ఉడికినా బావుంటుంది, పాడ్ థాయ్ అనే నూడుల్స్ వేపుడులో పడేది అదే, నిమ్మరసం ఉడికితే ఆ తాజా వాసన పోతుంది కాబట్టి తోమ్ యమ్ అనే పుల్లటి కారం సూప్‌లో స్టవ్ ఆపాకే పిండాలి. తీపికి తాటిబెల్లం లేదా కొబ్బరి చెట్టు బెల్లం, పులుపుని కొంచెం మెత్తబరచడానికే, తియ్యగా చేయడానికి కాదు. వేపుళ్ళకి లైట్ సోయా సాస్, ఆయిస్టర్ సాస్ ఉంటే చాలు.

బేసిల్ అని రాసి ఉంటే ఏ బేసిలో చూసుకోండి. సోంపు వాసనుండే హోరాపా గ్రీన్ కర్రీకి, ఘాటైన క్రపావ్, ఇది తులసి జాతే, పాడ్ క్రపావ్ అనే మాంసం వేపుడుకి, నిమ్మ వాసనుండే మేంగ్లక్ కొన్ని పులుసుల్లోకి. ఏదైనా సరే, ఆకులు వేసి ఒక్కసారి కలిపి దించేయాలి, నల్లబడేదాకా ఉంచకూడదు.

గిన్నెలో అసలు ఉడకనిది ఒకటుంది, ఖావ్ ఖువా. ఈశాన్య థాయ్‌లాండ్‌లో, అంటే ఈసాన్‌లో, రోజూ తినే జిగురు బియ్యాన్ని నూనె లేకుండా దోరగా వేయించి బరకగా దంచిన పొడి ఇది. లాప్ అనే మాంసం సలాడ్‌లో మాంసం ఉడికి దించాక, తినబోయే ముందు చల్లండి, ముందే కలిపి పెడితే నానిపోయి ఆ కరకర ఉండదు.