రాయగడ వైపు కొత్తగా వచ్చారా? పిల్లల్ని హైస్కూల్లో చేర్చేముందు ఇది చదవండి

పార్వతీపురం, సాలూరు, బొబ్బిలి నుంచి పని మీద రాయగడ, గుణుపూర్, జేకేపూర్ పక్కకి వచ్చేవాళ్ళు మొదటి నెల్లో అందరూ ఒకటే మాట అంటారు, ఇక్కడ అందరికీ తెలుగొచ్చు కదా ఇంక ఇబ్బందేముంది అని. నిజమే, కూరగాయల బండి దగ్గర, బస్సులో, మజ్జిగౌరమ్మ గుడి దగ్గర తెలుగుతో పనైపోతుంది, 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఇదంతా విశాఖపట్నం జిల్లాలోదే మరి. కానీ స్కూలు గేటు దాటితే అంతా ఒరియానే. మాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, మా పాప ఎనిమిదో తరగతి మధ్యలో చేరి ఏడ్చిన ఏడుపు ఇంకో పిల్ల ఏడవకూడదనే ఇదంతా రాస్తున్నాను.

మా పాప చేరింది ఊరి చివర చిన్న గవర్నమెంట్ హైస్కూల్లో. క్లాసుకి ముప్పై మంది కూడా ఉండరు, లెక్కలూ ఫిజిక్సూ రెండూ ఒకే మాస్టారు చెప్తారు. అంత చిన్న బడా అని మా ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు గానీ, నాకిప్పుడు అనిపిస్తుంది పిల్ల నిలదొక్కుకుందంటే అది చిన్న బడి కాబట్టే అని. ఎవరికి ఏ పాఠం అర్థం కాలేదో సార్‌కి మొహం చూస్తే తెలిసిపోతుంది, రెండు రోజులు బడికి వెళ్ళకపోతే పక్కింటి పిల్లతో కబురొచ్చేస్తుంది.

మొదటి సైన్స్ పరీక్ష సంగతి చెప్తాను. మా పాపకి లోహాల పాఠం కంఠతా వచ్చు, అయినా సున్నా. ఎందుకంటే ఒరియాలో మెటల్‌ని ధాతు అంటారు, లౌహ అంటే ఒక్క ఇనుమే. మా పిల్ల లౌహ అన్నచోట లోహాలన్నిటి గుణాలూ రాసేసింది, ధాతు ప్రశ్న అసలు ముట్టుకోలేదు. ఎర్ర సిరా కొట్టివేతల పేపరు పట్టుకుని గడపలో కూర్చుంది, అన్నం తినలేదు. మర్నాడు సార్ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఇలాంటి మాటలు ఒక కాగితం మీద రాయించారు. శిక్ష అంటే అక్కడ చదువు, ఉపన్యాస అంటే నవల. ఆ కాగితం ఇంకా మా బీరువాలో ఉంది. మీరు కూడా మొదటి రోజునుంచే అలాంటి కాగితం ఒకటి పెట్టండి.

అన్నిటికన్నా ముందు అక్షరాలు. ట్యూషన్ పెట్టాలంటే మొదటి మూడు నెలలూ లెక్కలకి కాదు, ఒరియా చదవడం రాయడానికే పెట్టండి, తర్వాత మిగతావి వాటంతటవే వస్తాయి. త్రిభుజం, వృత్తం, సమీకరణం అన్నీ మన మాటలే కదా, కాకపోతే చివర్న ఒకారం పలుకుతారు, వకారం బకారమవుతుంది, చెవికి అలవాటు పడేదాకానే కష్టం. అంకెలతో జాగ్రత్త, ఒరియా నాలుగు చూడ్డానికి అచ్చం మనం రాసే ఇంగ్లీషు అంకె 8 లాగే ఉంటుంది, మా పాప పేజీ నంబర్లు తప్పు చూసి వేరే లెక్కలు చేసుకొచ్చిన రోజులున్నాయి.

ఇక పదో తరగతి, దీన్ని ఇక్కడ మెట్రిక్ అనే అంటారు. కటక్‌లో ఉన్న బోర్డు పెడుతుంది, ఫిబ్రవరిలో ఉంటుంది. మాతృభాష, ఇంగ్లీషు, మూడో భాష, లెక్కలు, సైన్స్, సోషల్, ఆరు పేపర్లు. కొన్ని మార్కులు ఓఎంఆర్ షీట్ మీద గుండ్రాలు దిద్దే ఆబ్జెక్టివే కాబట్టి ఒరియాలో పొడుగ్గా రాయలేని పిల్లలకి కూడా ధైర్యంగా ఉంటుంది. లెక్కలకి బీజగణితం, జ్యామితి అని రెండు పుస్తకాలు, సైన్స్‌కీ రెండు, ఒకటి ఇంట్లో మర్చిపోతే ఆ రోజు పాఠం పోయినట్టే. మూడో భాష ఎక్కువమంది సంస్కృతం తీసుకుంటారు, హిందీ కూడా ఉంటుంది. మాతృభాషగా తెలుగు తీసుకునే వీలు బోర్డులో ఉంది, కానీ చెప్పే టీచర్ ఆ స్కూల్లో ఉన్నారో లేదో చేర్చకముందే అడగండి. ఇంకో సంగతి, ఒడిశాలో గవర్నమెంట్ ఉద్యోగం కావాలంటే ఒరియా చదివిన రుజువు అడుగుతారు, మెట్రిక్‌లో ఒరియా ఉంటే ఆ గొడవుండదు. మేం అందుకే ఒరియా తీసుకున్నాం, తెలుగు ఆదివారాలు వాళ్ళ నానమ్మ దగ్గర దిద్దిస్తున్నాం, ఈ రెండోది మాత్రం మానకండి.

పేరు విషయం చాలా ముఖ్యం. తొమ్మిదిలో బోర్డుకి రిజిస్ట్రేషన్ చేస్తారు, సర్టిఫికెట్‌లో జీవితాంతం ఉండేది ఆ పేరే. మనకి ఇంటిపేరు ముందు, ఇక్కడ వెనక. మా పాపకి ఆధార్లో ఒకలా, ఆంధ్రా టీసీలో పొడి అక్షరంతో ఒకలా, ఇక్కడి రిజిస్టర్లో ఇంకోలా పడి, సరిచేయించడానికి నాలుగుసార్లు పని మానుకుని తిరిగాను. ఫారం ఇచ్చేముందు మీరే చూసి స్పెల్లింగు, పుట్టినతేదీ అక్షరం అక్షరం సరిపోల్చుకోండి. టీసీ మీద పెన్ నంబర్, అంటే బడి పిల్లలకి ఇచ్చే శాశ్వత విద్యా నంబర్, రాయించుకుని రండి. కులం సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు తహసీల్దార్ ఆఫీసులో కనుక్కోండి, మన జాబితా వేరు ఇక్కడి జాబితా వేరు.

ఇంగ్లీషు మీడియమే కావాలంటే ఒడిశా ఆదర్శ విద్యాలయాలున్నాయి, సీబీఎస్ఈ సిలబస్, ఆరో తరగతికి ఎంట్రన్స్ రాయాలి, పిల్ల ఐదులో ఉండగానే ఆలోచించుకోండి. మెట్రిక్ తర్వాత మన ఇంటర్‌ని ఇక్కడ ప్లస్ టూ అంటారు, సీటుకి శామ్స్ అనే ఒడిశా గవర్నమెంట్ అడ్మిషన్ల వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్ అప్లికేషన్.

ఎండాకాలం మార్నింగ్ స్కూల్ పెడతారు, పొద్దున్నే ఆరున్నరకల్లా బడిలో ఉండాలి, ముందురోజు రాత్రే టిఫిన్ సంగతి చూసుకోండి. సార్లతో మాట్లాడేటప్పుడు ఆగ్యా అనండి, మనం అయ్యా అన్నట్టు. మిగతాదంతా తెలుగులో చెప్పినా ఓపిగ్గా వింటారు, మా హెడ్‌మాస్టర్‌గారైతే తెలుగులోనే జవాబు చెప్పేవారు.